నది పోయి... కార్లు వచ్చె!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు చూపించే ఊళ్ల జాబితా దాదాపు ఎవరింట్లోనైనా ఒకటే. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్... ఆ తర్వాత ఓర్లాండో. 'డిస్నీ వరల్డ్‌కి వెళ్దాం తాతయ్యా' అని మనవలు చెయ్యి పట్టుకుని లాగుతారు. తీరా వెళ్లాక తాతయ్యా నానమ్మా వెతుక్కునేది మాత్రం నీడలో కూర్చుని నెమ్మదిగా చూసే వినోదాల్ని. అలాంటి వాటిలో పెద్దవి ఓ నదీ, దాని మీద తిరిగే ఆవిరి పడవా. 2025 జులై 6న ఆ పడవ ఆఖరి చుట్టు తిరిగింది. నది ఉన్న చోట ఇక కార్ల రైడ్ వస్తుందట. పాతది తీసి కొత్తది పెట్టడం థీమ్ పార్కులకు మామూలే. మరి ఈసారి అభిమానులు అంతగా ఎందుకు బాధపడ్డారు?

ఫ్లోరిడాలో మిసిసిపీ

డిస్నీ వరల్డ్‌లో నాలుగు థీమ్ పార్కులున్నాయి. వాటిలో మొదటిది మ్యాజిక్ కింగ్‌డమ్. 1971 అక్టోబరు 1న తెరిచారు. ఒక్క 2023లోనే సుమారు కోటీ 77 లక్షల మంది వచ్చారని అంచనా. గేటు దాటి మెయిన్ స్ట్రీట్ వెంట నడిస్తే ఎదురుగా సిండరెల్లా కోట. అక్కణ్నుంచి ఎడమ పక్కకు తిరిగితే పాత అమెరికా పల్లెల్లాంటి వీధులు. వాటి పక్కనే ఉండేది 'రివర్స్ ఆఫ్ అమెరికా'. పేరుకే నది. మనుషులు తవ్వి, నీళ్లు నింపిన కాలువ అది. చుట్టూ తిరిగొస్తే అర మైలు.

దాని మీద 'లిబర్టీ బెల్' అనే మూడంతస్తుల తెల్లటి స్టీమరు తిరిగేది. నీటి అడుగున ఉన్న పట్టా దాన్ని దారి తప్పకుండా నడిపించేది. ఆవిరి మాత్రం నిజమైనదే. బాయిలర్లో పుట్టిన ఆవిరే వెనకున్న పెద్ద తెడ్ల చక్రాన్ని తిప్పేది. కూత పెడితే పార్కు సగానికి వినిపించేది. చుట్టు పూర్తికావడానికి 17 నిమిషాలు. సీటు బెల్టు ఉండదు, ఎత్తు కొలిచే కర్ర ఉండదు, గుండె జబ్బువాళ్లు ఎక్కొద్దన్న బోర్డూ ఉండదు. రెయిలింగ్ పట్టుకుని గాలి పీల్చుకోవడమే.

నది మధ్యలో టామ్ సాయర్ దీవి. 1973లో తెరిచారు. తెప్ప మీద వెళ్లాలి. చీకటి గుహలు, నడిస్తే ఊగిపోయే పీపాల వంతెన, చెక్క కోట... యంత్రం పనేం లేదు. పిల్లలు పరుగెత్తడమే ఆట. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో ఇలాంటి దీవికి వాల్ట్ డిస్నీ స్వయంగా రూపకల్పన చేశాడు. బాల్యం మిసోరీ రాష్ట్రంలోని మార్సెలీన్‌లో గడిపినవాడాయన. టామ్ సాయర్‌ని సృష్టించిన మార్క్ ట్వేన్‌దీ అదే రాష్ట్రం.

టామ్ సాయర్ మనకీ పరాయివాడేం కాదు. నండూరి రామమోహనరావు అనువాదంలో ఆ అల్లరి పిల్లాణ్ని చదువుకున్న తరం ఒకటుంది. ఏ గుంటూరులోనో, రాజమండ్రిలోనో కూర్చుని కళ్లముందు ఊహించుకున్న గుహ, తెప్ప, నది డెబ్బై ఏళ్ల వయసులో ఫ్లోరిడాలో ఎదురైతే ఎలా ఉంటుంది? 'ఇది నాకు తెలుసురా!' అని మనవడికి తాతయ్య చెప్పగలిగిన చోటు అంత పెద్ద పార్కులో బహుశా అదొక్కటే.

టికెట్ పుస్తకాల రోజులు

1971లో పెద్దలకు ప్రవేశ రుసుం మూడున్నర డాలర్లు. లోపల వినోదాలకు విడిగా కూపన్ల పుస్తకం. మన తిరునాళ్లలో రంగులరాట్నానికో టికెట్, మృత్యుబావికో టికెట్ ఉన్నట్టు అక్కడా ఎ నుంచి ఇ వరకు రకాలు. 'ఇ' కూపన్ అంటే అన్నిటికన్నా గొప్ప రైడ్. ఆ కూపన్లు 1982లో పోయాయి. ఇప్పుడు ఒక్క టికెట్‌తో లోపలన్నీ తిరగొచ్చు. కాకపోతే ధర వంద డాలర్లు దాటి చాలాకాలమైంది.

అప్పటి 'ఇ' కూపన్ రైడ్లలో ఒకటి జలాంతర్గామి. జూల్స్ వెర్న్ సాగరగర్భ నవల ఆధారంగా 1954లో డిస్నీ తీసిన సినిమాలోని నాటిలస్ నమూనాలో పన్నెండు జలాంతర్గాములు తయారుచేశారు. నిజానికవి మునిగేవి కావు. కిటికీ బయట బుడగలు లేస్తుంటే మునుగుతున్నట్టు అనిపించేది, అంతే! అయితేనేం, పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. నీళ్లు శుభ్రంగా ఉంచడం, యంత్రాలు మరమ్మతు చేయడం తలకు మించిన పని. ఇరుకు మెట్ల మీంచి జనం దిగి ఎక్కేసరికి బోలెడంత సమయం. లెక్కలు చూసుకున్న యాజమాన్యం 1994 సెప్టెంబరులో మూసేసింది. పదేళ్లు ఆ మడుగు ఊరికే పడి ఉంది. 2004లో నీళ్లు తోడేశారు. 2014లో ఆ ప్రాంతంలోనే ఏడుగురు మరుగుజ్జుల గని రైలు మొదలైంది. నేటికీ దానిముందు పెద్ద క్యూ!

గోదురుకప్ప కోసం గొడవ

పాత రైడ్ కోసం జనం గొంతెత్తడం 1997 చివర్లో చూశారు ఓర్లాండోవాసులు. 'మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్' పార్కుతో పాటే పుట్టింది. కెన్నెత్ గ్రాహమ్ పిల్లల నవలలోని గోదురుకప్పగారు కారు తోలితే ఎలా ఉంటుందో అదే రైడ్. గోడలు గుద్దుకుంటూ, వీధులు దాటుకుంటూ వెళ్లి చివరికి రైలు కింద పడి... నేరుగా నరకానికి! పిల్లల పార్కులో అంత వింత ముగింపు ఇంకెక్కడుంది?

దాన్ని మూసేస్తారన్న వార్త పొక్కగానే అభిమానులు ఆకుపచ్చ చొక్కాలేసుకుని రైడ్ ముందు చేరారు. ఉత్తరాలు రాశారు. ఫలితం లేకపోయింది. 1998 సెప్టెంబరు 7 ఆఖరి రోజు. మరుసటేడు అక్కడ విన్నీ ద పూ ఎలుగుబంటి రైడ్ వచ్చింది. చిత్రమేమిటంటే కొత్త రైడ్ కట్టినవాళ్లు పాతదాన్ని మర్చిపోలేదు. గుడ్లగూబ ఇంటి గోడ మీద ఓ పటం ఉంటుంది. అందులో గోదురుకప్పగారు ఇంటి దస్తావేజుల్ని గుడ్లగూబకు అప్పగిస్తూ కనిపిస్తారు. దెయ్యాల భవంతి వెనకున్న పెంపుడు జంతువుల శ్మశానంలోనూ కప్పగారికో విగ్రహం ఉంది. ఇల్లు అమ్మినా గడప మీద పేరు మిగిలినట్టు!

పక్కనున్న యూనివర్సల్ పార్కుదీ ఇదే దారి. అక్కడ కింగ్ కాంగ్ రైడ్‌ని 2002లో మూసి, 2004లో మమ్మీ రోలర్ కోస్టర్ తెచ్చారు. దాని నిధి గదిలో బంగారు రంగు కోతి బొమ్మ ఒకటి పెట్టారు, కాంగ్ గుర్తుగా. షార్క్ చేప పడవ మీదికి దూకే 'జాస్' రైడ్‌కి 2012 జనవరి 2 ఆఖరి రోజు. ఆ స్థలంలో 2014లో హ్యారీపాటర్ డయాగన్ ఆలీ లేచింది. షార్క్ కోసం బాధపడినవాళ్లు కూడా ఆ వీధిలో అడుగుపెట్టి నోరు తెరిచారు. పాతదాన్ని మించిన కొత్తది వస్తే జనం కాదనరు.

పోవాల్సినవీ ఉన్నాయి

పాతదల్లా బంగారమేం కాదు. దుంగ పడవలో ఎక్కి కొండ మీంచి నీళ్లలోకి జారే 'స్ప్లాష్ మౌంటెన్' మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1992 నుంచీ ఉండేది. దానికి ఆధారం 1946 నాటి 'సాంగ్ ఆఫ్ ద సౌత్' సినిమా. నల్లజాతివారి బతుకుల్ని తోటల్లో హాయిగా గడిచినట్టు చూపించిందన్న విమర్శ ఆ సినిమాకి మొదట్నుంచీ ఉంది. అమెరికాలో దాన్ని వీడియోగా డిస్నీ ఎప్పుడూ విడుదల చేయలేదు. 2020 జూన్‌లో రైడ్ మార్చేస్తామని ప్రకటించి, 2023 జనవరిలో మూసేసి, 2024 జూన్ 28న 'టియానాస్ బాయూ అడ్వెంచర్' పేరుతో తెరిచారు. టియానా డిస్నీ కథల్లో తొలి నల్లజాతి రాకుమారి. కాలువా అదే, జారుడూ అదే. కథ మాత్రమే మారింది.

మూసేముందు అభిమానులు ఏం చేశారో తెలుసా? ఆ నీళ్లు సీసాల్లో పట్టుకున్నారు. వాటిని ఇంటర్నెట్‌లో అమ్మకానికీ పెట్టారు. పుష్కరాల నీళ్లనుకున్నారో ఏమో!

కొత్తది ఓడిపోయిన సందర్భమూ ఒకటుంది. బొమ్మ పక్షులు పాడే 'టికీ రూమ్'ని 1998లో మార్చేశారు. పాత పాటలు చప్పగా ఉన్నాయని అల్లాదీన్ సినిమాలోని చిలకనీ, లయన్ కింగ్‌లోని పక్షినీ తెచ్చి కొత్త యజమానులుగా కూర్చోబెట్టారు. జనానికి నచ్చలేదు. 2011 జనవరిలో చిన్న అగ్నిప్రమాదం జరిగింది. బాగుచేసి ఆగస్టులో తెరిచినప్పుడు కొత్త యజమానులు మాయం. పాత ప్రదర్శనే కాస్త కుదించి వేశారు. నేటికీ అదే నడుస్తోంది.

పోయింది రైడ్ ఒక్కటేనా?

మళ్లీ నది దగ్గరికి వద్దాం. 2024 ఆగస్టులో డిస్నీ తన ప్రణాళిక ప్రకటించింది. 'కార్స్' సినిమా ఆధారంగా కొండల్లో రేసు సాగే పెద్ద రైడొకటి, చిన్నపిల్లల కోసం ఇంకొకటి. వాటి వెనక సినిమా విలన్లకు ప్రత్యేకంగా ఓ పేట. కారణాలు ఊహించడం కష్టం కాదు. 2006లో వచ్చిన కార్స్ బొమ్మలు ఇప్పటికీ పిల్లల చేతుల్లో ఉన్నాయి. లిబర్టీ బెల్ బొమ్మ అడిగే పిల్లాడు లేడు. పైగా ఇదే ఊళ్లో యూనివర్సల్ సంస్థ 2025 మేలో 'ఎపిక్ యూనివర్స్' అనే సరికొత్త పార్కు తెరిచింది. పక్క కొట్టువాడు కొత్త సరుకు దించితే ఎవరు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంటారు?

డిస్నీల్యాండ్ ఎప్పటికీ పూర్తికాదని వాల్ట్ డిస్నీయే చెప్పేవాడు. పార్కుని ప్రదర్శనశాలగా ఉంచాలని ఆయనా కోరుకోలేదు. అదీ నిజమే.

అయినా ఓ తేడా ఉంది. జలాంతర్గామి పోయి గని రైలు వచ్చినా, షార్క్ పోయి హ్యారీపాటర్ వచ్చినా రైడ్ స్థానంలో రైడే వచ్చింది. ఇక్కడ పోయింది ఖాళీ. నీళ్లు, గాలి, చెట్ల నీడ, ఆవల ఒడ్డున ఏముందో చూడాలనిపించే దూరం. ఎకరాల కొద్దీ ఉన్న ఆ ఖాళీని దినమంతా తిరిగి కాళ్లు పీకినవాళ్లు వాడుకునేవాళ్లు. కొత్తచోటులో చెట్లూ నీళ్ల పాయలూ ఉంటాయని డిస్నీ అంటోంది. ఉండొచ్చు. కానీ చెట్టు పక్కన క్యూలో నిలబడటం వేరు, చెట్టు కింద కూర్చోవడం వేరు.

వేగం పెరిగేకొద్దీ కుటుంబం రెండుగా చీలుతుంది. 2023లో వచ్చిన 'ట్రాన్' కోస్టర్ ఎక్కాలంటే 48 అంగుళాల ఎత్తుండాలి. టియానా పడవకు 40 అంగుళాలు. రక్తపోటు, నడుంనొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్లు వద్దన్న బోర్డులు సరేసరి. అమ్మానాన్నా పెద్దాడూ లోపలికెళితే, చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని, అందరి సంచులూ కాపలా కాస్తూ బయట బెంచీ మీద మిగిలేది నానమ్మే. స్టీమర్లో ఆవిడా ప్రయాణికురాలే. ఇంటిల్లిపాదీ ఒకేసారి ఎక్కే వాహనం అది.

తోక పోయి కత్తి, కత్తి పోయి ఇంకోటి... అంటూ ప్రతి మారకానికీ డప్పు కొట్టుకున్న కోతి కథ మన పిల్లలకు తెలుసు. ఒక్కో బేరం చూస్తే లాభమే. అన్నీ కలిపి చూస్తేనే చేతిలో ఏం మిగిలిందన్న సందేహం!

ఇంకా మిగిలినవి

ఓర్లాండో వెళ్లే పెద్దలు నిరాశపడక్కర్లేదు. 'కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్' ఇంకా తిరుగుతూనే ఉంది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన ఈ నాటకం 1975లో ఇక్కడికి చేరింది. వేదిక కదలదు, ప్రేక్షకులు కూర్చున్న హాలే దాని చుట్టూ తిరుగుతుంది. కరెంటు రాకతో ఓ ఇల్లు ఎలా మారిందో చల్లటి ఏసీలో కూర్చుని చూడొచ్చు. ఎత్తు నిబంధన లేదు. ఆ పక్కనే పార్కుని పైనుంచి చూపించే 'పీపుల్ మూవర్' బండి ఉంది. పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలుందీ, బొమ్మ పక్షుల టికీ రూమ్ ఉందీ. నదే చూడాలంటే కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో మార్క్ ట్వేన్ పేరుతో స్టీమరు తిరుగుతోంది. అక్కడా ఓ టామ్ సాయర్ దీవి ఉంది.

పార్కుల యాజమాన్యాలు ఏ రైడ్ ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చేటప్పుడు ముందు చూసేది దాని ముందున్న క్యూనే. కాబట్టి ఈసారి మనవలు కోస్టర్ వైపు లాగితే, వాళ్లని ఓ ఇరవై నిమిషాలు మీ వైపు లాగండి. తిరిగే హాల్లో పక్కపక్కన కూర్చోండి. ఆ కుర్చీలు నిండినన్నాళ్లే అవి అక్కడుంటాయి.