మూడేళ్ల గ్యాస్

‘‘గ్యాసే బాబూ. ఐటీ వాళ్లందరికీ ఉండేదే. టెన్షన్ తగ్గించుకో’’ అన్నారు డాక్టర్‌గారు. మూడేళ్లు అదే నమ్మాను. పరగడుపున మాత్ర, తిన్నాక ఉబ్బరం, మీటింగ్ మధ్యలో బాత్రూమ్‌కి పరుగు. బరువు తగ్గుతుంటే ఫ్రెండ్స్ ‘డైటింగా?’ అని మెచ్చుకునేవాళ్లు. రాత్రిళ్లు అన్నం మానేసి చపాతీలే తింటున్నా మరి!

అమ్మ ఊరుకోలేదు. ‘‘ఈ వయసులో మెట్లెక్కితే ఆయాసమేంట్రా? ఇంకో డాక్టర్‌కి చూపించు’’ అంది. మొదటాయన్ని అనుమానించినట్టు అవుతుందని ఆర్నెల్లు వాయిదా వేశా.

రెండో డాక్టర్ ముందు నా ఫైలు అడిగారు. ఆఫీసులో ఏటా చేసే హెల్త్ చెకప్ కాగితాలను తేదీల వారీగా పేర్చారు. హిమోగ్లోబిన్ 13.1, 11.4, 9.6. ‘‘ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా ఎందుకు పడిపోతోంది?’’ అన్నారు. రోజంతా సర్వర్ లాగ్స్ చదివే నేను, ఇవి ఒక్కసారీ చదవలేదు.

గోధుమలు మానేయనా అంటే, ‘‘పరీక్షలయ్యేదాకా తినాలి. లేకపోతే జబ్బున్నా బయటపడకపోవచ్చు’’ అన్నారు. టీటీజీ రక్తపరీక్ష, ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి తీసిన ముక్క... రెండూ ఒకటే చెప్పాయి: సీలియాక్ జబ్బు. గోధుమల్లోని గ్లూటెన్ పడక, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పేగు లోపలి పొరను పాడుచేస్తుంది. అందుకే ఐరన్ ఒంటబట్టలేదు. జీవితాంతం గోధుమ, బార్లీ ముట్టకపోవడమే వైద్యం.

మొదటి డాక్టర్ మీద కోపం లేదు. ఆ కాగితాలు ఆయనకి నేను చూపిస్తే కదా!

ఇంగువలోనూ గోధుమపిండి కలుపుతారట. ఇప్పుడు అమ్మ కళ్లజోడు పెట్టుకుని డబ్బా మీది చిన్నక్షరాలు చదివాకే చారుకి పోపు పెడుతోంది.