పైకి కనిపించని దెబ్బ

'ఒంటి మీద గీత కూడా పడలేదు. అదృష్టవంతుడు!'

ప్రమాదం జరిగిన చోట తరచూ వినిపించే మాటే. స్టీరింగ్ ఛాతీకి బలంగా తగిలిన మనిషి లేచి కూర్చుంటాడు. మంచినీళ్లు తాగుతాడు. ఇంటికి ఫోన్ చేసి 'నాకేం కాలేదు, కాస్త నొప్పి అంతే' అంటాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఒక్కోసారి అసలు ప్రమాదం అప్పటికే లోపల మొదలై ఉంటుంది.

గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తాన్ని మోసుకెళ్లేది బృహద్ధమని. గుండె పైన గొడుగు కర్రలా వంగి, వెన్నెముక పక్కగా కిందికి దిగుతుంది. వేగంగా వెళ్లే వాహనం ఒక్కసారిగా ఆగితే గుండె, ధమని వంపు ముందుకు ఊగుతాయి. వెన్నును అంటిపెట్టుకున్న భాగం అంతగా కదలదు. ఆ రెండూ కలిసేచోట ధమని గోడ చిరుగుతుంది. పూర్తిగా తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. 1958లో అమెరికాలో వెలువడిన ఓ పేరున్న అధ్యయనంలో, ఇలా దెబ్బతిన్నవారిలో ఎనభై శాతానికి పైగా అక్కడికక్కడే చనిపోయారు. మిగిలినవారిని నిలబెట్టేది బయటి పొర ఒక్కటే. అది ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

మామూలు ఎక్స్‌రేలో ఇది దొరక్కపోవచ్చు. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ పట్టిస్తుంది. బయటపడగానే డాక్టర్లు చేసే మొదటి పని రక్తపోటునూ గుండె వేగాన్నీ మందులతో తగ్గించడం. చిరుగు మీద ఒత్తిడి తగ్గాలి కదా! లోపలి పొర కొద్దిగా చిట్లితే చాలాసార్లు మందులతోనే మానుతుంది.

పెద్ద చిరుగైతే ఒకప్పుడు ఛాతీ పక్కనుంచి కోసి, ధమనికి అడ్డంగా క్లాంపు బిగించి, గుడ్డ గొట్టం అతికేవారు. ఆ కాసేపు వెన్నుపాముకు రక్తం అందక కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉండేది. 1987లో, నాటి సోవియట్ యూనియన్‌లోని ఖార్కివ్‌లో నికొలాయ్ వోలోదోస్ అనే సర్జన్ కొత్తదారి తొక్కారు. పాత దెబ్బతో ఉబ్బిన ఛాతీ ధమనిలోకి, రక్తనాళం గుండానే స్టెంట్ గొట్టాన్ని పంపి నిలిపారు. ఇప్పుడు అనువైన కేసుల్లో ఇదే మొదటి ఎంపిక. గజ్జలోని నాళం నుంచి పంపుతారు, ఛాతీ కోయరు. కాకపోతే ఆ తర్వాత ఏళ్ల తరబడి స్కాన్‌లు తప్పవు.

ఛాతీకి గట్టి దెబ్బ తగిలితే, మనిషి నవ్వుతూ మాట్లాడుతున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బండి ఎంత వేగంలో ఉంది, బెల్టు పెట్టుకున్నాడా, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు... ఇవన్నీ డాక్టరుకు చెప్పాలి. స్కాన్ తీయాలో వద్దో తేల్చుకోవడానికి ఆ వివరాలే ఆయనకు ఆధారం.