కాళీనది వెంట కైలాసానికి

టనక్‌పూర్ దగ్గర కొండలు దిగి మైదానంలో అడుగుపెట్టే నదిని అక్కడివాళ్ళు శారద అంటారు. పైన కుమావూ కొండల్లో అది కాళి. అవతలి గట్టున నేపాలీలకు మహాకాళి. లిపులేఖ్ కనుమ మీదుగా కైలాస మానససరోవరానికి బయల్దేరిన యాత్రికులు ఈ నదికి ఎదురు నడకన దాని పుట్టుక దాకా వెళ్ళి, అక్కడ టిబెట్‌లోకి దాటుతారు.

1954లో భారత్, చైనా చేసుకున్న ఒప్పందంలో యాత్రికులు, వర్తకులు వాడే కనుమల జాబితాలో లిపులేఖ్ పేరుంది. 1962 యుద్ధంతో దారి మూతపడింది. 1981లో విదేశాంగ శాఖ ఆధ్వర్యంలో మళ్ళీ తెరుచుకుంది. 2020లో కోవిడ్, ఆపైన సరిహద్దు ఉద్రిక్తతలు యాత్రను ఐదేళ్ళు ఆపేశాయి. 2025 వేసవిలో తిరిగి మొదలైనప్పుడు ఈ దారికి కేటాయించింది ఐదు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు యాభై మంది. దరఖాస్తుదారుల వయసు 18 నుంచి 70 మధ్య ఉండాలి. కంప్యూటర్ డ్రాలో పేరు రావాలి. ఆపైన ఢిల్లీలో వైద్య పరీక్షలు. అన్నీ గట్టెక్కినవాళ్ళకే లైజన్ ఆఫీసర్ వెంట బస్సెక్కే అవకాశం.

టనక్‌పూర్ నుంచి చంపావత్, పితోరాగఢ్ మీదుగా సాగే రోడ్డు నదిని చాలా దూరం వదిలేస్తుంది. ఆ లోయలో పంచేశ్వర్ దగ్గర సరయూ వచ్చి కాళిలో కలుస్తుంది. 1996లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్న భారీ ఆనకట్ట అక్కడే రావాలి, ఇంకా రాలేదు.

నది మళ్ళీ కంటపడేది జౌల్‌జీబీలో. మిలం హిమానీనదం నుంచి వచ్చే గోరీ గంగ ఇక్కడ కాళిలో కలుస్తుంది. నవంబరులో జరిగే ఇక్కడి సంతకు ఒకప్పుడు టిబెట్ ఉన్ని, ఉప్పు, గుర్రాలు దిగేవి. గోరీ వెంట పైకి పోతే పందొమ్మిదో శతాబ్దపు సర్వేయరు నైన్ సింగ్ రావత్ పుట్టిన మిలం ఊరు వస్తుంది. బ్రిటిష్ సర్వే శాఖ పంపగా ఆయన మారువేషంలో లాసా దాకా నడిచి, టిబెట్ దూరాల్ని అడుగులతో కొలిచాడు. చేతిలోని జపమాలలో నూట ఎనిమిది పూసలకు బదులు వందే ఉండేవి. వంద అడుగులకు ఒక పూస జరిపేవాడు. యాత్రికుడూ జపమాల తిప్పుతూనే నడిచే ఈ కొండల్లో ఆయన్ని ఎవరు అనుమానిస్తారు?

జౌల్‌జీబీ దాటితే కుడిచేతి వైపంతా నేపాల్. బ్రిటిష్‌వారికీ నేపాల్‌కూ మధ్య 1816లో అమల్లోకి వచ్చిన సుగౌలీ సంధి ఈ నదిని సరిహద్దు చేసింది. ధార్చూలాలో ఒక వేలాడే వంతెన దాటితే దార్చులా. ఊరు ఒకటే, దేశాలు రెండు. వంతెన అవతల గడియారం పదిహేను నిమిషాలు ముందుంటుంది. అయినా పెళ్ళిసంబంధాలు, కిరాణా కొనుగోళ్ళు, బంధువుల రాకపోకలు పొద్దస్తమానం ఆ వంతెన మీదుగానే.

ఈ లోయల అసలు వారసులు రంగ్ జనం. వ్యాస్, చౌదాంస్, దార్మా వాళ్ళ ఊళ్ళు. వేసవిలో పై ఊళ్ళలో కాపురం, చలికాలం రాగానే పిల్లాజెల్లా, పశువులతో ధార్చూలాకు వలస. టిబెట్ వర్తకం మీద బతికిన ఇళ్ళు 1962తో దెబ్బతిన్నాయి. 1992లో కనుమ వ్యాపారం తెరుచుకున్నా పాత కళ రాలేదు. ఆ తర్వాత చాలామందికి యాత్రే ఆసరా అయింది. గుర్రాలవాళ్ళు, సంచులు మోసే పోర్టర్లు, వంటవాళ్ళు ఈ ఊళ్ళ నుంచే వచ్చేవారు. ఏ మలుపులో రాళ్ళు జారతాయో, ఏ వాగు మధ్యాహ్నానికి పొంగుతుందో చెప్పగలిగింది వాళ్ళే. లైజన్ ఆఫీసరు చేతిలో జాబితా ఉంటుంది, దారి మాత్రం వీళ్ళ కాళ్ళకు తెలుసు.

తవాఘాట్ దగ్గర ధౌలీగంగ కలిశాక లోయ బాగా ఇరుకైపోతుంది. పాత యాత్రలో గాలా నుంచి లఖన్‌పూర్‌కు 4,444 రాతిమెట్లు దిగాలి. ఒకవైపు కొండ గోడ, రెండోవైపు లోతున హోరెత్తే కాళి. గుర్రం ఎదురొస్తే మనిషి కొండ వైపే ఒదగాలి, నది వైపు నిలబడితే మూట తగిలి పడిపోయే ప్రమాదం. బయల్దేరేముందు గైడ్లు ప్రతి బ్యాచ్‌కూ మొదట చెప్పే జాగ్రత్త అదే.

ఈ దారిలోనే మాల్పా. 1998 ఆగస్టు 18 తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా కొండ విరిగి ఊరి మీద పడింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. వారిలో అరవై మంది కైలాస యాత్రికులు. ఒడిస్సీ నర్తకి ప్రొతిమా బేడీ ఆ యాత్రికుల్లో ఒకరు. ఆ రాత్రి పోయిన పోర్టర్ల, గుర్రాలవాళ్ళ పేర్లు దేశానికి ఎప్పుడూ తెలియలేదు.

2020 మే 8న ఘటియాబగఢ్ నుంచి లిపులేఖ్ దాకా ఎనభై కిలోమీటర్ల రోడ్డును ప్రారంభించారు. రోజుల నడక గంటల ప్రయాణంగా మారింది. లోయ ప్రజలకు ఇది పెద్ద మేలు, జబ్బుపడ్డ మనిషిని భుజాల మీద మోసుకు దిగాల్సిన కష్టం తప్పింది. యాత్రికుడికి మాత్రం కొత్త చిక్కు వచ్చిపడింది. ధార్చూలా ఎత్తు సుమారు 900 మీటర్లు, దారిలో పైనున్న మజిలీ గుంజీ 3,200. నడిచే రోజుల్లో ఆ తేడాకు ఒళ్ళు మెల్లగా అలవాటుపడేది. జీపులో అదంతా ఒక్క పూటలో ఎక్కేస్తే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి. అందుకే గుంజీలోనూ, ఇంకా పైన నాభీధాంగ్‌లోనూ ఆగి, శరీరం కుదుటపడ్డాకే కదలాలన్న నియమం. గుంజీలో సరిహద్దు పోలీసు దళమైన ఐటీబీపీ వైద్యులు మళ్ళీ పరీక్ష చేస్తారు. ఊపిరి తీరు బాగోలేదని వాళ్ళంటే కైలాసం అంత దగ్గరకొచ్చాక కూడా వెనక్కి తిరగాల్సిందే. ఎంత ఏడ్చినా ఆ మాట మారదు, మారకూడదు కూడా.

గుంజీకి ముందే బూదీ పైన ఛియాలేఖ్ నిటారు ఎక్కుడు వస్తుంది. అది ఎక్కాక ఒక్కసారిగా పూలమైదానం. ఆ పక్కనే గర్బ్యాంగ్. చెక్కుడుపని చేసిన దేవదారు తలుపులు, కిటికీలు ఉన్న ఇళ్ళు వంగి, బీటలు వారి ఉంటాయి. ఊరి కింద నేల ఏళ్ళ తరబడి జారుతూనే ఉంది. ఒకప్పటి వర్తక సంపద ఎంతటిదో ఆ గుమ్మాల్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

గుంజీ దగ్గర రెండు ప్రవాహాలు కలుస్తాయి. కుటీ యాంక్తీ వెంట పోతే జోలింగ్‌కాంగ్, ఆది కైలాసం. రెండోది కాలాపానీ వైపు నుంచి వస్తుంది. కాళి మూలం కుటీ యాంక్తీ వైపే ఉందని నేపాల్ వాదన, కాలాపానీయేనని భారత్ మాట. ఆ కాలాపానీలో ఊటనీటి పక్కన కాళీమాత గుడి ఉంది. ఐటీబీపీ జవాన్లే పూజ చేస్తారు. ఎదుటి కొండలోని గుహలో వ్యాసుడు తపస్సు చేశాడని నమ్మకం. పైన నాభీధాంగ్‌లో మబ్బు విడితే ఓం పర్వతం మీది మంచు ఓంకారంలా తోస్తుంది. మబ్బు విడవని రోజులే ఎక్కువ.

లిపులేఖ్ ఎత్తు 5,000 మీటర్ల పైమాటే. పొద్దెక్కితే గాలి విరుచుకుపడుతుంది కనుక చీకటితోనే బయల్దేరతారు. కనుమ అవతల గడియారం రెండున్నర గంటలు ముందుకు పోతుంది. దిగువన తక్లాకోట్ పక్కన పారేది కర్ణాలి. అది నేపాల్ అంతా తిరిగి ఉత్తరప్రదేశ్‌లో ఘాఘ్రా అవుతుంది. కనుమకు ఇవతల వదిలొచ్చిన కాళి, శారదగా అక్కడికే చేరి దానిలో కలుస్తుంది. ఆ నీళ్ళే సరయువుగా అయోధ్యను తాకుతాయి.

కర్ణాలి, సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర. కైలాస పరిసరాల్లో పుట్టే ఈ నాలుగింటి మూలాల కోసం ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి తూర్పు గోదావరి జిల్లాలో పుట్టిన తెలుగువాడు, స్వామి ప్రణవానంద. సరోవరం ఒడ్డున గడ్డకట్టే చలికాలంలోనూ మకాం ఉండి, నీళ్ళనూ మంచునూ పరిశీలించారు. నదుల మూలాల గురించి స్వీడన్ అన్వేషకుడు స్వెన్ హెడిన్ నిర్ణయాలతో విభేదించారు. నెహ్రూ ముందుమాటతో 1949లో వచ్చిన ఆయన ‘కైలాస్-మానససరోవర్’ ఆంగ్ల గ్రంథం యాత్రికులకు దారిచూపింది. 1976లో పద్మశ్రీ వచ్చింది. తెలుగునాట ఆయన పేరు తెలిసినవాళ్ళు ఇంత తక్కువగా ఉండటం బాధాకరం.

కైలాసం పాదాన ఉన్న దార్చెన్ నుంచి పర్వతం చుట్టూ పరిక్రమ 52 కిలోమీటర్లు. మనవాళ్ళకు మూడు రోజులు, టిబెటన్లు చాలామంది ఒక్కరోజులో ముగిస్తారు. కొందరు సాష్టాంగ నమస్కారాలతో వారాల తరబడి చుట్టివస్తారు. టిబెట్ పాత మతమైన బోన్‌ను పాటించేవాళ్ళు అపసవ్యంగా నడుస్తారు కనుక ఎదురుపడి నవ్వుతూ పక్కకు తప్పుకుంటారు. రెండోరోజు 5,630 మీటర్ల డోల్మా లా ఎక్కుతున్నప్పుడు పది అడుగులకోసారి ఆగే యాత్రికుడి కర్రను పట్టుకుని నడిపించేది దార్చెన్ కుర్రాడే. టిబెటన్ల లెక్కలో గుర్రం సంవత్సరంలో చేసిన ఒక్క ప్రదక్షిణ పదమూడింటితో సమానం. 2014 తర్వాత అలాంటి ఏడాది 2026.