ఆడపువ్వు చేదు

మా ఇంట్లో ‘తాగడం’ అనే క్రియకి కర్మ ఉండేది కాదు. మజ్జిగ తాగాం, కాఫీ తాగాం అని చెప్పుకునేవాళ్ళం గానీ నాన్న విషయంలో మాత్రం “తాగొచ్చాడు” అంటే సరిపోయేది. ఏం తాగొచ్చాడని ఎవరూ అడగరు. ఎలా ఉందని అసలే అడగరు. సాహిత్యంలో డాక్టరేటు చేసి, పదేళ్ళుగా వాక్యాలు విప్పి చూడటమే పనిగా పెట్టుకున్న నాకు ఈ సంగతి ముప్ఫై అయిదో ఏట, ఇంటికి వేల మైళ్ళ దూరంలో, ఒక నల్లటి బీరు గ్లాసు ముందు కూర్చున్నప్పుడు తట్టింది.

పరిశోధన పని మీద ఒక ఏడాది అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్నాను. నేను అద్దెకున్న ఇంటావిడ గుంటూరు నుంచి ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చి, లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అక్కా అని పిలిచేదాన్ని. నవంబరు వానలో ఒక సాయంత్రం, “ఎప్పుడూ పుస్తకాలేనా, పద” అంటూ బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే ఒక చిన్న చోటికి తీసుకెళ్ళింది. నేను తాగనని ఆమెకి తెలుసు. ఎందుకు తాగనో తెలియదు. “తాగమనట్లేదు, రుచి చూడమంటున్నాను” అంది. ఆ రెండింటికీ తేడా ఉంటుందని నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు.

వంటాముదంలా నల్లగా ఉంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో చింతపండు పులుసు రంగు. పైన బెల్లం పాకం నురగలాంటి నురగ. “ముందు వాసన చూడు, తొందరేం లేదు” అంది అక్క. నాకు భయం వేసింది. మందు వాసనంటే నాకు తెలిసింది ఒక్కటే. రాత్రి పొద్దుపోయాక గుమ్మంలోంచి మనిషి కంటే ముందు లోపలికొచ్చే వాసన. అది తగలగానే పుస్తకాలు మూసేసి, నిద్ర నటించేదాన్ని. ఆ వాసన కోసమే ఎదురుచూస్తూ గ్లాసు దగ్గరికి వంగాను. అది రాలేదు. నారింజ తొక్కని గోటితో గిల్లినప్పుడు చిమ్మే వాసన వచ్చింది. కాసేపటికి పంపరపనస. ఆ వెనకాల ఎక్కడో గుగ్గిలం.

ఒక్క గుక్క నోట్లో పట్టుకున్నాను. మొదట చికోరీ కలిపిన కాఫీ డికాక్షన్. తర్వాత అడుగంటిన అన్నం, వేయించిన రాగులు. మింగేశాక, అయిపోయిందనుకున్నాక, నాలుక వెనక నుంచి చేదు మొదలైంది. అది తొందరపడదు. వేపపూతలాగా నెమ్మదిగా వచ్చి, కూర్చుని, వెళ్ళనంటుంది.

అక్కడిచ్చిన కాగితం మీద రుచుల గురించి ఇంగ్లీషులో పెద్ద జాబితా ఉంది. అక్కా నేనూ దాన్ని పక్కన పెట్టి తెలుగులో చెప్పుకున్నాం. చేదు వేరు, వగరు వేరు అని ఆమె గుర్తుచేసింది. చేదు రుచి, వగరు స్పర్శ. పచ్చి అరటికాయ కొరికితే నాలుక బిగుసుకుపోతుందే, అది వగరు. ఈ గ్లాసులో చేదు నిండుగా ఉంది, వగరు కొంచెమే ఉంది. కాకర, మెంతి, వేప అంటూ చేదుని కూడా రకరకాలుగా వండుకు తినే భాషలో పుట్టినదాన్ని. ఉగాది నాడు చేదుతోనే ఏడాది మొదలుపెట్టేదాన్ని. అయినా ఈ ఒక్క చేదుకి నా దగ్గర మాటల్లేవు. ఎందుకంటే మా ఇళ్ళలో దాన్ని రుచి చూసిన ఆడవాళ్ళు లేరు, దాని దెబ్బలు తిన్న ఆడవాళ్ళే ఉన్నారు.

ఆ బీరుని బ్లాక్ ఐపీఏ అంటారు. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. వలస పాలన రోజుల్లో ఇంగ్లండు నుంచి మన దేశంలోని తెల్లవాళ్ళ కోసం ఓడల్లో వచ్చిన, హాప్స్ పువ్వు దండిగా వేసిన బీరు. పేరులో మన దేశం ఉంది గానీ అందులో మన ప్రమేయం లేదు. పేల్ అంటే లేత రంగుది. ఇది నల్లది. నల్లని తెల్ల బీరు! 1990ల మొదట్లో అమెరికాలోని బర్లింగ్టన్‌లో గ్రెగ్ నూనన్ తయారుచేయించినది ఈ రకంలో తొలి వాటిలో ఒకటని చెబుతారు. పోర్ట్‌లాండ్ ప్రాంతం వాళ్ళు దీన్ని తమదిగా భావించి కాస్కేడియన్ డార్క్ ఏల్ అంటారు. నలుపు మాడేదాకా వేయించిన మొలక బార్లీ నుంచి వస్తుంది. మాడు చేదు మరీ ముదరకుండా ఉండటానికి చాలామంది పొట్టు తీసిన బార్లీని వాడతారు. అసలు చేదు హాప్స్‌ది. మరుగుతున్నప్పుడు ముందే వేస్తే చేదు దిగుతుంది, చివర్లో వేస్తే సువాసన నిలుస్తుంది. చారు దించే ముందు కొత్తిమీర వేసినట్టే. చేదుని కొలవడానికి ఐబీయూ అని ఒక లెక్క ఉంది. ఈ రకం బీరు 50 నుంచి 90 దాకా ఉంటుంది.

కౌంటరు దగ్గర సీసాలో ఎండిన హాప్స్ పువ్వులు పెట్టారు. పొరలు పొరలుగా, సీతాఫలం పిందెల్లా ఉన్నాయి. ఒకటి తీసి అరచేతిలో నలిపితే పసుపులాంటి పొడి రాలింది. చేదూ వాసనా అంతా ఆ పొడిలోనే ఉందట. అక్కడ బీరు తయారుచేసే అమ్మాయి చెప్పిన ఇంకో మాట దగ్గర నేను ఆగిపోయాను. హాప్స్‌లో ఆడతీగ వేరు, మగతీగ వేరు. బీరుకి పనికొచ్చేది ఆడపువ్వు మాత్రమే. తోటల్లో పద్దెనిమిది అడుగుల ఎత్తున, మన తమలపాకు తోటల్లో అవిసె చెట్ల మీదికి పాకే తీగల్లా, ఆడతీగల్నే పెంచుతారు. గింజ పట్టకుండా మగతీగల్ని ఏరేస్తారు.

మన తాటిచెట్టులో కూడా ఆడా మగా వేరే. కానీ కల్లుకి రెండింటినీ గీస్తారు. ఇక్కడ లోకమంతటి బీరు చేదూ ఒక్క ఆడపువ్వు మీద నడుస్తోంది. అయినా బీరు అనగానే మన కళ్ళముందుకి మగవాడే ఎందుకొస్తాడు?

చరిత్ర మొదట్లో అలా లేదు. సుమేరియన్ల బీరు దేవత నింకాసి. దాదాపు 3,800 ఏళ్ళ నాటి మట్టి పలకల మీద ఆమె స్తోత్రం ఉంది. హాప్స్ చేదు పానీయాన్ని పాడవకుండా కాపాడుతుందని పన్నెండో శతాబ్దంలో రాసిపెట్టింది జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్. అది మనసుకి దిగులు పుట్టిస్తుందని కూడా ఆమే రాసింది. ఇంగ్లండులో 1300 ప్రాంతంలో ఏల్ కాచేది ఎక్కువగా ఆడవాళ్ళు. అది కొద్ది రోజుల్లో పులిసిపోయేది కాబట్టి ఇంటి పనుల మధ్య కొంచెం కొంచెంగా కాచి, తమకుంచుకుని మిగిలింది అమ్ముకునేవాళ్ళు. 1600 నాటికి ఆ పని చాలావరకు మగవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో జుడిత్ బెన్నెట్ 1996లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించింది. కారణాల్లో ఒకటి ఈ హాప్సే. హాప్స్ వేసిన బీరు నిలవుంటుంది, దూరం పోతుంది. నిలవుండేది వ్యాపారం అవుతుంది. వ్యాపారానికి పెద్ద పాత్రలు, పెట్టుబడి, అప్పు, సంఘంలో సభ్యత్వం కావాలి. అవేవీ ఆడవాళ్ళకి అందేవి కావు. ఆడపువ్వే ఆడవాళ్ళని ఆ పని నుంచి తరిమిందా అనుకున్నాను మొదట. కాదు. పువ్వుదేం తప్పు? చేతికి పెట్టుబడి అందనివ్వని వాళ్ళది తప్పు.

ఇదేదో పాత కథ కాదు. కిరణ్ మజుందార్ ఆస్ట్రేలియాలో బీరు తయారీ చదివి 1975లో మాస్టర్ బ్రూవర్‌గా తిరిగొస్తే, ఆడమనిషికి ఆ ఉద్యోగం ఎలా ఇస్తామన్నారు. ఆమె తండ్రి అదే వృత్తిలో పెద్ద హోదాలో ఉన్నా దొరకలేదు. 1978లో ఆమె బయోకాన్ పెట్టింది. మనం ఆమె విజయాన్ని చెప్పుకుంటాం గానీ మూసుకున్న ఆ తలుపు గురించి అంతగా చెప్పుకోం. అమెరికాలో బీరు పనిలో ఉన్న ఆడవాళ్ళ కోసం 2007లో టెరీ ఫారెన్‌డార్ఫ్ పింక్ బూట్స్ సొసైటీ అనే సంఘం పెట్టింది. 2021 మేలో ఒక మహిళా బ్రూవర్ సోషల్ మీడియాలో ఒక్క ప్రశ్న అడిగితే, వందలాది ఆడవాళ్ళు అక్కడ పడిన అవమానాలు, వేధింపులు బయటపెట్టారు. గ్లాసులోంచి వచ్చే నారింజ వాసన వెనక ఇదంతా ఉంది.

ఇక మా అమ్మ.

1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం మా ఊరికి వచ్చినప్పుడు నాకు మూడేళ్ళు. నేను చూసి గుర్తుపెట్టుకున్నది కాదు, అమ్మ చెప్పగా విన్నది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ, తమ బతుకులాంటి కథే పాఠంలో చదివి, ఆడవాళ్ళు కారప్పొడీ చీపుర్లూ పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చున్నారు. ప్యాకెట్లు తొక్కి నేలపాలు చేశారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. మా ఇంట్లో ఆ నాలుగేళ్ళూ వెలుగు. ఆ తర్వాత నాన్న బ్రాందీకి మారాడు. నేను ఇంటర్ చదువుతుండగా లివరు పాడై పోయాడు.

అమ్మ గెలిచి ఓడిన పోరాటానికి నేను కూతుర్ని. ఆ గ్లాసు ముట్టుకోవడం అమ్మకి ద్రోహం అనిపించింది. నిజం చెబుతున్నాను, రెండో గుక్క చేదులో ఆ అపరాధం కూడా కలిసే ఉంది.

కానీ ఒక పాత సంభాషణ గుర్తొచ్చింది. హైదరాబాదులో యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేటుది కరీంనగర్ వైపు పల్లె. ఒకసారి మాటల్లో, “మా అమ్మమ్మ పొద్దూకంగనే కల్లు తాగుతది” అంది. నా మొహం చూసి, “దాంట్ల ఏమున్నది? రోజంతా నాట్లేసి వొస్తది” అని నవ్వింది. అప్పటికి స్త్రీవాదం మీద రెండు పేపర్లు రాసి ఉన్నాను. అయినా ఆ అమ్మమ్మని మనసులో ఒక మెట్టు కిందికి దించాను. మంచి ఆడది తాగదు అన్న నమ్మకం నాకు అమ్మ పోరాటం నుంచి వచ్చిందనుకున్నాను. అది అబద్ధం. పొలంలో పనిచేసి, తన కూలితో కల్లు తాగే ముసలమ్మని చూసి మొహం చిట్లించడం నేర్పింది నా మధ్యతరగతి చదువు. అమ్మ వాళ్ళు అడిగింది వేరు. మా కూలి సారా కొట్టుకి పోకూడదు, మా ఒళ్ళు మీద దెబ్బ పడకూడదు అని. ఆ పోరాటాన్ని ఆడవాళ్ళ పవిత్రతకి గుర్తుగా మార్చి, వాళ్ళని కాపలాదారుల్ని చేసింది తర్వాత మనం రాసిన వ్యాసాలూ, నాయకులు చెప్పిన ఉపన్యాసాలూ. అందులో నా వ్యాసమూ ఒకటుంది.

ఇదంతా చెప్పి మద్యం మంచిదని వాదించబోవట్లేదు. లివరుకి ఐబీయూలు తెలియవు. క్రాఫ్ట్ బీరైనా చీప్ లిక్కరైనా అందులో ఉన్న ఆల్కహాలు ఒకటే. నేను గ్లాసులో సగం వదిలేశాను.

ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారింది.

“ఏం తిన్నావు పాపా?”

“అమ్మా, ఇవాళ బీరు తాగాను.”

చాలాసేపు మాట్లాడలేదు. బయట ఎవరో ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

“ఎట్టుండింది?” అంది.

మా ఇంట్లో ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి. “చేదుగా ఉందమ్మా. వేపపూతలాగా. వెనకాల మాడిన అన్నం వాసన.”

“మీ నాయనకి ఏనాడూ రుచి తెలీదు. మందు తాగినట్టు గొంతులో పోసుకునేవోడు.” కాసేపాగి, “ఎంతయింది?” అంది.

“ఎనిమిది డాలర్లు. మన డబ్బుల్లో ఏడొందల దాకా.”

“రెండ్రోజుల కూలి” అంది అమ్మ. తర్వాత, “నీ జీతమేనా?” అని అడిగింది.

“నాదే.”

“అయితే సరే” అంది గానీ ఆ గొంతు పూర్తిగా సరే అనలేదు. నేనూ అనిపించాలని చూడలేదు. నా అరచేతిలో ఆ పసుపు పొడి వాసన ఇంకా పోలేదు. ఫోన్ పెట్టేసే ముందు అమ్మ “ఇంకోసారి తాగబాకు” అందో, “ఎక్కువ తాగబాకు” అందో సరిగ్గా వినిపించలేదు. మళ్ళీ అడగలేదు.