ఎత్తులకు అక్షర రూపం

చదరంగంలో ఆట ముగియగానే రాజూ బంటూ ఒకే పెట్టెలోకి చేరుతాయి. మిగిలేది ఎత్తుల రాత ఒక్కటే. 2002లో, 15 ఏళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి ఆటలను, 2024 డిసెంబరులో 2800 రేటింగును దాటిన వరంగల్ యువకుడు అర్జున్ ఎరిగైసి ఆటలను ప్రపంచంలో ఎవరైనా ఈనాటికీ బల్లపై పేర్చి చూడగలుగుతున్నారంటే అందుకు కారణం ఆ రాతే. పెద్ద ఆటగాళ్ళకు దక్కిన ఆ భాగ్యం పల్లె పిల్లలకు మాత్రం ఎందుకు దక్కకూడదు?

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్ళే దారిలో, అడవికి చేరువలో మా ఏన్కూరు ఉంది. ఇక్కడ చదరంగం ఆడే విద్యార్థులు కొందరు కలిసి నెలనెలా నాలుగు పుటల వార్తాలేఖను వెలువరించాలని సంకల్పించారు. తాము ఆడిన ఆటలు, పోటీల విశేషాలు, ఆలోచింపజేసే ఒక సమస్య అందులో ఉండాలన్నది వారి కోరిక. దానిని ఏ సాఫ్ట్‌వేర్‌తో కూర్చాలో తేల్చడానికి నన్ను సాయం అడిగారు.

ముందుగా ఒక పాత ఫైలును తెరిచాం. ఒక విద్యార్థిని గెలిచిన ఆట అందులో ఉన్నది. కాని తెరపై తెలుగు కనిపించలేదు. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపించింది. "సార్, నా ఆట ఏదీ?" అని ఆ అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నే మా అన్వేషణకు దారి చూపింది.

పూర్వం ముద్రణ కోసం తయారైన అనేక ఖతులలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను అమర్చారు. ఆ ఖతి ఉన్నచోట అది తెలుగు, లేనిచోట అయోమయం. యూనికోడ్ పద్ధతి ఇందుకు భిన్నమైనది. అందులో ప్రతి అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ఖతి మారితే అక్షరం అందం మారుతుందే గాని అక్షరం మారదు.

చదరంగం రాతలో మరొక చిక్కు ఎదురైంది. పావు పేరులోని తొలి అక్షరంతో ఎత్తును రాయడం వాడుక. మాలో ఒకరు 'శకటం' అంటే మరొకరు 'ఒంటె' అన్నారు. 'శ' రాయాలా, 'ఒ' రాయాలా అని వాదం పెరిగింది. 1924లో ఏర్పడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమావళిలో పరిష్కారం దొరికింది. ఆటగాడు తన భాషలోని పేరును వాడుకోవచ్చు. అచ్చయ్యే పత్రికలలో మాత్రం పావుల బొమ్మలు వాడటం మేలని అది సూచిస్తుంది. తెలుపు ఆరు, నలుపు ఆరు, మొత్తం 12 బొమ్మలకు యూనికోడ్‌లో 9812 నుంచి 9823 వరకు సంఖ్యలున్నాయి.

కాబట్టి మాకు కావలసిన సాఫ్ట్‌వేర్ తెలుగునూ ఈ బొమ్మలనూ ఒకే పంక్తిలో సరిగా చూపాలి. వెల లేకుండా లభించాలి. తరువాత వచ్చే విద్యార్థులు సులభంగా నేర్చుకోగలగాలి. ఒకప్పుడు పత్రికల కూర్పులో ఎంతో పేరు పొందిన పేజ్‌మేకర్‌కు 2001 తరువాత కొత్త రూపం రాలేదు. ఉచితంగా దొరికే స్క్రైబస్ పుటల అమరికలో దిట్ట. 2017లో వచ్చిన 1.5.3 రూపం నుంచి సంక్లిష్ట లిపులను కూడా అది కూర్చగలుగుతున్నది. అయితే దానిని అలవరచుకోవడానికి కొంత కాలం పడుతుంది. చివరకు లిబ్రేఆఫీస్‌ను ఎంచుకున్నాం. అదీ ఉచితమే. నాలుగు పుటలకు దాని శక్తి చాలు. అందులో కూర్చిన దానిని పీడీఎఫ్‌గా మార్చితే ఖతి కూడా ఫైలులోనే ఇమిడి ఉంటుంది. అందుచేత ఫోనులో తెరిచినా అక్షరాలు చెదరవు.

ఆటలను పీజీఎన్ పద్ధతిలో విడిగా కూడా దాచాం. 1993లో రూపొందిన ఈ పద్ధతిలో ఎత్తులన్నీ సాదా అక్షరాలుగానే ఉంటాయి. అందువల్ల ఒక సాఫ్ట్‌వేర్ మూలపడినా ఆట నిలుస్తుంది.

ఆ అమ్మాయి తన నోటుపుస్తకంలోని ఎత్తులు చూసి తన ఆటను తానే మళ్ళీ టైపు చేసింది. తొలి సంచిక మొదటి పుటలో దానినే వేశాం.

సాధనాలు వస్తుంటాయి, పోతుంటాయి. మీరు కథ రాసినా, ఊరి చరిత్ర రాసినా, దాచే ముందు ఒక్క మాట ఆలోచించండి. మీరు దగ్గర లేనప్పుడు, వేరొక కంప్యూటరులో, మరొకరు దానిని తెరిచి చదవగలరా?