మోతీకి టిక్కెట్టు లేదు

సినిమా కష్టాలంటే ఏమిటో నాకు గిద్దలూరు బస్టాండులో తెలిసొచ్చింది. నా చేతిలో సంచీ, పక్కన మా మేనత్త, ఆవిడ చేతిలో ఓ తాడు, ఆ తాడు చివర మోతీ! బస్సు మెట్టు మీద కండక్టరు. ఆయన వెనక కిక్కిరిసిన సంక్రాంతి జనం.

"కుక్కని ఎక్కించేది లేదమ్మా!" అన్నాడు కండక్టరు.

ఉండండి, కథ మొదటినుంచీ చెబుతాను.

మా అత్తది గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు, నల్లమల అంచున ఓ పల్లె. మీరెప్పుడైనా నంద్యాలలో రైలెక్కి గిద్దలూరు రండి. కిటికీ పక్కన సీటు దొరికితే అదృష్టవంతులే. సొరంగంలోకి దూరి బయటపడేసరికి రెండు పక్కలా అడవి! ఏ హీరో అయినా హీరోయిన్ని వెంటబెట్టుకుని ఆ చెట్ల మధ్యనుంచి పాడుకుంటూ వస్తాడేమో అనిపిస్తుంది. ఎవరూ రారు. గిద్దలూరు వచ్చేస్తుంది.

మా మామ లారీ డ్రైవరు. మార్కాపురం పలకలు లోడు వేసుకుని బొంబాయి దాకా వెళ్ళొచ్చేవాడు. మనం అఆలు దిద్దిన రాతిపలకకి పుట్టిల్లు ఆ మార్కాపురమే కదా! 1985లో ఒకసారి బొంబాయిలో లోడు దిగేలోగా 'తేరీ మెహర్బానియా' సినిమాకి వెళ్ళాడట. యజమానిని చంపినవాళ్ళ మీద ఓ కుక్క పగ తీర్చుకునే కథ. పేరుకి హీరో జాకీ ష్రాఫ్, చప్పట్లన్నీ కుక్కకే. అందులో దాని పేరు మోతీ. ఇక అప్పట్నుంచీ మామ పెంచిన ప్రతి కుక్కా మోతీయే. ఇప్పుడున్నది నాలుగో మోతీ.

నిరుడు మామ పోయాడు. పిల్లలు తలో ఊళ్ళో. అత్త ఒక్కతే మిగిలింది. "నాకోసమైతే పొయ్యి ముట్టించేదాన్ని కాదు నాయనా. దీనికి ముద్ద ఎయ్యాల గదా, అందుకని ముట్టించేది. దానికి పెట్టినాక నేనూ రెండు ముద్దలు తినేది" అని చెప్పింది నాతో. నడిరాత్రి మెలకువ వచ్చి లేచి కూర్చుంటే, మోతీ కూడా లేచొచ్చి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేదట. ఏ డాక్టరూ రాయని మందు అది!

మార్కాపురంలో ఉన్న అత్త కూతురు, అంటే మా వదిన, "అమ్మని పండక్కి తీసుకురావయ్యా, నీ మాటైతే వింటుంది" అని ఫోన్ చేసింది. వెళ్ళాను. అత్త వింది గాని ఓ షరతు పెట్టింది. మోతీ వస్తేనే తనూ వస్తుందట.

గిద్దలూరు నుంచి మార్కాపురం 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ముందు రైలు సంగతి విచారించాను. రూలు ఏమిటంటే, ఫస్టు క్లాసులో ఇద్దరో నలుగురో పట్టే కూపే మొత్తం మన పేరు మీదుంటేనే కుక్క మన పక్కన. లేదంటే గార్డు పెట్టెలో ఉండే బోనులో. సెకండు క్లాసులో, స్లీపరులో ససేమిరా కుదరదు. ఆ ముక్క చెప్పగానే అత్త నా మొహంలోకి చూసి, "దాన్ని పెట్టెలో ఏసి నేను కిటికీ కాడ కూసుంటానా?" అంది. ఇక నేను నోరెత్తలేదు.

అలా బస్టాండుకొచ్చి పడ్డాం.

కండక్టరు కాదనేసరికి జనం రెండు పార్టీలైపోయారు. "పెద్దావిడ గదన్నా, ఎక్కనీయరాదూ!" అని ఒకాయన. "కోర్టువారు బస్టాండుల్లోనే కుక్కలుండగూడదని చెప్తే, బస్సులోకే ఎక్కిస్తారా?" అని ఇంకొకాయన. ఆయన చెప్పింది 2025 నవంబరు 7 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు గురించి. బడులు, ఆస్పత్రులు, బస్టాండులు, రైల్వేస్టేషన్ల నుంచి వీధికుక్కల్ని తరలించమన్నారు. "మా మోతీ వీధికుక్క కాదు, మెడలో పట్టీ ఉంది, టీకా వేయించాం" అని నేను వాదిస్తున్నాను. "కోడిపుంజుకైతే టిక్కెట్టు కొడతారు!" అని ఎవరో కుర్రాడు అరిచాడు. అదీ నిజమే. 2022లో తెలంగాణలో ఓ ప్రయాణికుడు గుడ్డలో దాచి తెచ్చిన పుంజుకి కండక్టరు 30 రూపాయల టిక్కెట్టు కొడితే, రాష్ట్రమంతా నవ్వుకుంది.

ఇంతలో బస్సులోంచి ఓ కేక! ఆరేడేళ్ళ పిల్లాడు తల్లి చీరకొంగులో మొహం దాచుకుని వణికిపోతున్నాడు. "పోయినేడు కుక్క కరిసింది సార్. సూదులన్నీ ఏయించినాం. అయినా కుక్క కనపడితే సాలు, ఇట్లనే" అంది తల్లి.

ఆవిడ భయం ఉత్తుత్తి భయం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. నాకు మాట రాలేదు. అత్త మాత్రం తాడు దగ్గరికి లాక్కుని నాలుగడుగులు వెనక్కి వేసింది.

"పోనీలే నాయనా. నా దుఃఖం నాదైతే, ఆ బిడ్డ బయం ఆ బిడ్డది గదా!" అంది.

బస్సు వెళ్ళిపోయింది.

టీ కొట్టు దగ్గర నిలబడితే అమెరికా గుర్తొచ్చింది. అక్కడ ఇలాంటి జంతువుల్ని 'ఎమోషనల్ సపోర్ట్ యానిమల్' అంటారు. అంటే మనసుకి ఊతం ఇచ్చే తోడన్నమాట. గుడ్డివారికి దారి చూపే కుక్క వేరు. దానికి ఫలానా పని అని తర్ఫీదు ఇస్తారు. దీనికి తర్ఫీదు అక్కర్లేదు, పక్కనుంటే చాలు. డాక్టరు చీటీ ఉంటే విమానంలో ఉచితంగా వెంట తీసుకెళ్ళనిచ్చేవారు. దాంతో జనం చీటీల కోసం ఎగబడ్డారు. 2018లో న్యూవార్క్ విమానాశ్రయానికి ఒకావిడ ఏకంగా నెమలినే తీసుకొచ్చింది. దాని పేరు డెక్స్‌టర్. ఎక్కించుకోలేదనుకోండి. చివరికి 2020 డిసెంబరులో అక్కడి రవాణా శాఖ రూలు మార్చేసింది. తర్ఫీదు పొందిన కుక్కకే ఆ హక్కు, మిగతావన్నీ మామూలు పెంపుడు జంతువులే అంది. దొంగ చీటీల పుణ్యమా అని నిజంగా అవసరమున్నవాళ్ళకీ తలుపు మూసుకుపోయింది.

టీ కొట్టాయనకి ఈ కథంతా చెబితే, "నెమలా!" అని నవ్వి, మోతీకి ఓ బన్ను వేశాడు.

మీరంతా '777 చార్లీ' చూసే ఉంటారు. 2022లో వచ్చింది. ఒంటరివాడు రక్షిత్ శెట్టి, మంచు చూపించడానికి కుక్కని వెంటబెట్టుకుని దేశమంతా తిరుగుతుంటే హాల్లో మన కళ్ళు చెమర్చాయి. కానీ తెర మీది కుక్కకి ట్రైనరు ఉంటాడు. జంతువుల్ని నటింపజేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని 2001 నుంచీ రూళ్ళున్నాయి. తెర మీద మనం చార్లీ పక్షమే. బస్సులో పక్కసీటు కిందకి నిజం కుక్క వస్తే ఎవరి పక్షం? ఆ ప్రశ్న ఆ బస్టాండులోనే నాకు ఎదురైంది.

కాసేపటికి మార్కాపురానికి ఖాళీగా పోతున్న ఓ ట్రాలీ ఆటో దొరికింది. ముగ్గురం వెనకాల ఎక్కాం. కంభం దగ్గర డ్రైవరుని బతిమాలి చెరువుకట్ట మీద కాసేపు ఆగాం. రెండు కొండల మధ్య గుండ్లకమ్మ నీటికి అడ్డంగా కట్టిన చెరువు, వందల ఏళ్ళ నాటిది. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపొచ్చింది. కట్ట మీద గొర్రెల మంద ఎదురైంది. మోతీ మొరగలేదు. అత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఊరికే చూసింది. "పెళ్ళైన కొత్తల్లో మీ మామ నన్ను ఈడికే తీసకొచ్చినాడు" అంది అత్త. మామ పోయాక ఆయన ఊసు తనంతట తాను ఎత్తడం అదే మొదటిసారి.

నాకు తోచింది చెబుతాను. కుక్కకి టీకా చీటీ చూపించాలి, మూతికి చిక్కం కట్టాలి, టిక్కెట్టు కొనాలి. రద్దీ లేని వేళ, రోజుకో బస్సులో వెనక సీటు దగ్గర అంత చోటు చాలు. అది ఏ బస్సో ముందే తెలిస్తే, భయమున్నవాళ్ళు ఇంకో బస్సు చూసుకుంటారు. అత్త అడిగింది హక్కు కాదు, కాస్త జాగా. పిల్లాడు ఎదురుగా ఉంటే ఆ జాగా కూడా తనే వదులుకుంది.

పొద్దు గూకేవేళకి మార్కాపురం చేరాం. డబ్బులిస్తూ, "కుక్కకెంత?" అని అడిగాను డ్రైవర్ని.

"దానికేముందన్నా, దారంతా గాలి పీల్చింది, అంతే గదా!" అన్నాడు.

ఆ రాత్రి వదిన లోపల మంచం వేస్తే అత్త వద్దని వరండాలో చాప పరిపించుకుంది. ముందు మోతీకి పెట్టింది. తర్వాత తను తిన్నది. తిని, చెయ్యి కడగబోయి ఆగి, "ఇంకొంచెం పులుసన్నం పెట్టు తల్లీ" అంది.

వదిన గరిటె పట్టుకుని నా వంక చూసింది. నేను మోతీ వంక చూశాను.