యెన్ పడింది... ఫుజీకి తాకిడి పెరిగింది!

మంచు టోపీ పెట్టుకున్నట్టుండే 3,776 మీటర్ల ఫుజీ పర్వతం... దాని చెంతనే, సరస్సు ఒడ్డున ఫుజికవగుచికో పట్టణం. అక్కడ రోడ్డుకు ఇవతల నిలబడి చూస్తే, ఎదురుగా ఉన్న దుకాణం మీద కొండ కూర్చున్నట్టే ఉంటుంది. ఆ ఫొటో కోసం విదేశీయులు ఎంతగా ఎగబడ్డారంటే... ట్రాఫిక్‌కు అడ్డం, ఎక్కడ చూసినా చెత్త. దాంతో 2024 మేలో రెండున్నర మీటర్ల ఎత్తున నల్లటి తెర కట్టేశారు! ఆగస్టులో తుపాను భయంతో తీసేశాక మళ్లీ కట్టలేదు.

ఈ తాకిడికి కొండ అందం ఒక్కటే కాదు, డబ్బు మారకమూ కారణమే. 2021 ఆరంభంలో డాలరుకు 103 యెన్లు వచ్చేవి. 2024 జులైకల్లా 161 దాటాయి. మన లెక్కలో చెప్పాలంటే, 2020 మధ్యలో వెయ్యి యెన్ల భోజనానికి సుమారు 700 రూపాయలయ్యేది. 2024 జులైలో 520 చాలు. ఆ ఏడాది జపాన్ చూడటానికి వచ్చినవాళ్లు 3 కోట్ల 68 లక్షల మంది.

మరి జపనీయుల సంగతో? పరాయి దేశంలో హోటల్ బిల్లును యెన్లలోకి మార్చి చూసుకుంటే గుండె గుభేలే! 2019లో 2 కోట్ల మంది విదేశాలకు వెళ్లగా, 2024లో వెళ్లింది 1 కోటీ 30 లక్షల మందే.

అతిథులకు చవకైన యెన్, ఇంటివాళ్లకు గడప దాటడమే భారం చేసిందన్నమాట. ఇక అతిథులూ కొంత చెల్లించాల్సిందే. ఫుజీ ఎక్కే యోషిదా దారిలో 2024లో 2,000 యెన్ల రుసుము పెట్టారు, 2025లో దాన్ని 4,000 చేశారు!